పాత బండిని తిట్టకండి, లెక్క రానిది మనకే

మొన్న ఆఫీసులో భోజనాల దగ్గర ఒక చర్చ జరిగింది. మా టీములో ఒక కుర్రాడు పదకొండేళ్ళ పాత ఎస్‌యూవీ ఒకటి చూసొచ్చాడు. డీలర్ అయిదు లక్షలు చెప్పాడట. "అన్నా, అదే బండి కొత్తది కొనాలంటే ఇరవై లక్షలు. అంటే పదిహేను లక్షలు మిగిలినట్టే కదా" అన్నాడు. టేబుల్ చుట్టూ ఎనిమిది మందిమి ఉన్నాం. ఏడుగురు తలూపారు. అందరూ చదువుకున్నవాళ్ళే, అందరూ లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకున్నవాళ్ళే. నేనొక్కణ్ణే ఊపలేదు. నేనేదో తెలివైనవాణ్ణని కాదు. సరిగ్గా ఇదే లెక్క 2023లో నేనూ వేసి, దానికి ఫీజు కట్టాను కాబట్టి.

వాడికి పూర్తిగా చెప్పేలోపు కాల్ మొదలైపోయింది. "కొనేముందు సర్వీసు హిస్టరీ అడుగు" అని ఒక్క ముక్క చెప్పి లేచాను. మిగతాది ఇక్కడ చెప్తాను.

నా మాట ముందే చెప్పేస్తాను, తర్వాత మీ ఇష్టం. పాత ఎస్‌యూవీ చెడ్డ బండి కాదు. మెకానిక్ దొంగ కాదు (కొందరున్నారు, వాళ్ళు అన్ని ఉద్యోగాల్లోనూ ఉన్నారు). తప్పు మన లెక్కలో ఉంది. బండి ధర ఏటేటా పడిపోతుంది. ఆ బండికి వేసే సామాను ధర పడదు. ఇరవై లక్షల బండికి క్లచ్ ఎంతవుతుందో, అదే బండి అయిదు లక్షలకి దిగాక కూడా క్లచ్ అంతే అవుతుంది. "మీది పాతది కదండీ, పావు ధరకే తీసుకోండి" అని ఏ స్పేర్ పార్టుల దుకాణంవాడూ అనడు. మనం కొనేటప్పుడు కట్టేది పాత బండి ధర, మేపేటప్పుడు కట్టేది పెద్ద బండి ఖర్చు. ఈ రెండిటి మధ్య తేడానే మనం "మిగిలింది" అనుకుని మురిసిపోతాం.

ఇక నా సంగతి. మాది కోరుట్ల. మా బాపు మస్కట్‌లో పదిహేడేళ్ళు డ్రైవర్‌గా చేశాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు వాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు, ప్రతి వాడకట్టులో ఇద్దరు ముగ్గురు గల్ఫ్ మనుషులుంటారు. ఎవరెవరివో పెద్ద పెద్ద బండ్లు నడిపిన మనిషి, ఊరికొచ్చాక టీవీఎస్ ఎక్సెల్‌తో సరిపెట్టుకున్నాడు. హైదరాబాదులో నా జీతం కాస్త కుదురుకోగానే ఆయనకొక పెద్ద బండి కొనివ్వాలనిపించింది. ప్రేమే, కాదనను. కానీ నిజం ఒప్పుకోవాలంటే అందులో సగం గొప్ప కోసం. దసరాకి ఊళ్ళో దిగితే మా ఇంటి ముందర కూడా ఒక పెద్ద బండి ఉండాలి, అంతే.

బండి పేరు చెప్పను, అడక్కండి. 2012 మోడల్, డీజిల్, ఏడు సీట్లు, మీటర్ మీద 98,000. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో ఒక డీలర్ దగ్గర 4,60,000కి తీసుకున్నాను. టెస్ట్ డ్రైవ్ అంటే ఆ వీధి చివరిదాకా వెళ్ళి యూ టర్న్ కొట్టి రావడం. ఏసీ చల్లగా వచ్చింది, పాటలు గట్టిగా వినిపించాయి, ఇంకేం కావాలి! ప్రొడక్షన్‌లో ఒక్క లైను కోడ్ మార్చాలంటే ముగ్గురి అప్రూవల్ అడిగే నేను, నాలుగున్నర లక్షల సరుకుని పావుగంటలో ఓకే చేసేశాను.

కోరుట్లలో బాపుకి తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. అందరూ ఉస్తాద్ అంటారు. మెచ్చుకుంటాడని బండి తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఆయన బానెట్ ఎత్తకముందే టైరు పక్కన కూర్చుని దాని మీది అంకెలు చదివాడు. స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమన్నాడు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి, అక్కడ అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు. లేచి చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"ఎంతకు వడ్డది తమ్మీ?"

"నాలుగు అరవై."

"ఇంకో రెండు పక్కకు వెట్టుకో. ఒక్కసారి గాదు, మెల్లమెల్లగ అడుగుతది."

నేనేమనుకున్నానో మీరు ఊహించగలరు. హైదరాబాదు నుంచి సాఫ్టువేరువాడు దిగాడు, దొరికాడు బకరా అని లెక్క వేస్తున్నాడనుకున్నాను. ఇంటికొచ్చి అదే మాట బాపుతో అన్నాను కూడా. ఆయన ఏమీ మాట్లాడలేదు. పదిహేడేళ్ళు స్టీరింగ్ పట్టిన మనిషికి ఉస్తాద్ చెయ్యి ఎందుకు అడ్డం పెట్టాడో తెలుసు. (ఆ మూత దగ్గర పొగ బలంగా తన్నుతుంటే లోపల పిస్టన్ రింగులు అరిగాయని అర్థం. నా బండికి కొంచెమే తన్నింది, అదొక్కటే అదృష్టం.)

అప్పటి నుంచి 2025 ఆగస్టు దాకా, ముప్ఫై నెలల బిల్లులన్నీ ఎక్సెల్‌లో ఎక్కించాను. మనకి చేతనయింది అదే కదా :) చూడండి.

ఆయిళ్ళు, ఫిల్టర్లు, బెల్టులు, వాటర్ పంపు – 18,500
నాలుగు టైర్లు – 38,000
ముందు సస్పెన్షన్: లోయర్ ఆర్ములు, బాల్ జాయింట్లు, లింకులు, షాక్ అబ్జార్బర్లు – 34,000
క్లచ్ సెట్టు, లేబర్‌తో – 27,500
రెండు ఇంజెక్టర్లు బాగు చేయించడం – 14,000
టర్బో లోపలి భాగం మార్చడం – 22,000
ఏసీ కూలింగ్ కాయిల్, గ్యాస్ – 19,000
ఆల్టర్నేటర్, దాని వెనక వాక్యూమ్ పంపు – 11,500
రేడియేటర్, మళ్ళీ వాటర్ పంపు, హెడ్ గ్యాస్కెట్ – 41,000
బ్యాటరీ – 8,500
బ్రేకు డిస్కులు, ప్యాడ్లు, లైనర్లు – 12,000

మొత్తం 2,46,000. ఉస్తాద్ చెప్పింది రెండు లక్షలు. అంటే నేను దొంగ అనుకున్న మనిషి నలభై ఆరు వేలు తక్కువ చెప్పాడు!

ఈ ముప్ఫై నెలల్లో బండి నడిచింది 22,000 కిలోమీటర్లు. అంటే కిలోమీటరుకి రిపేరు 11 రూపాయల పైచిలుకు. లీటరుకి పదకొండు కిలోమీటర్లు ఇచ్చింది, లీటరు 96-97 అనుకుంటే డీజిల్ కిలోమీటరుకి తొమ్మిది రూపాయల లోపే. డీజిల్ కన్నా రిపేరు ఎక్కువ తాగిన బండి మాది. ఇన్సూరెన్సు ఉంది కదా అంటారేమో. ఇన్సూరెన్సు గుద్దుకున్నదానికి వస్తుంది, అరిగినదానికి రాదు.

ఇది నా బండి జాతకం ఒక్కటే అనుకోకండి. పై జాబితాలో పేర్లు చూడండి, ఏ పదేళ్ళు దాటిన డీజిల్ ఎస్‌యూవీ తీసుకున్నా అటూ ఇటూగా ఇవే. దానికి కారణాలున్నాయి.

మొదటిది బరువు. ఛాసీ మీద కట్టిన ఏడు సీట్ల బండి దాదాపు రెండు టన్నులు ఉంటుంది. మన చిన్న కార్లు ఒక టన్ను అటూ ఇటూ. ఆ అదనపు టన్నుని మోసేది బుష్‌లు, బాల్ జాయింట్లు, టైర్లు, కదిలించేది క్లచ్, ఆపేది బ్రేకులు. అన్నీ పెద్ద సైజు, అన్నీ ఖరీదు. పైగా అవన్నీ రబ్బరు, రాపిడి మీద బతికే వస్తువులు. బండి నడిచినా నడవకపోయినా రబ్బరుకి వయసు వస్తుంది. ఉస్తాద్ టైరు మీద చదివింది అదే. టైరు గోడ మీద నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. నావి 3116, అంటే 2016లో ముప్ఫై ఒకటో వారం. పైన బటన్ బాగానే ఉంది, రబ్బరు మాత్రం ఏడేళ్ళ కిందటిది.

రెండోది డీజిల్ ఇంజన్ తీరు. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో డీజిల్‌ని వెయ్యి బార్లు దాటిన ప్రెషర్‌తో, కంటికి ఆనని రంధ్రాల్లోంచి కొడతారు. అందులోకి కాస్త నీరు, కాస్త మట్టి వచ్చినా ఇంజెక్టర్ చెడుతుంది. ఫిల్టర్ మార్చడానికి వెయ్యి రూపాయలు ఎందుకని వాయిదా వేసినవాడు బండి అమ్మేసి వెళ్ళిపోతాడు, ఇంజెక్టర్ బిల్లు కొన్నవాడికి వస్తుంది. టర్బో సంగతీ అంతే. దాని ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకి పైగా తిరుగుతుంది, పల్చటి ఆయిల్ పొర మీద. ఆయిల్ మార్చడం ఆలస్యమైన ప్రతిసారీ అది కొంచెం కొంచెం అరుగుతుంది, చప్పుడు మాత్రం ఏళ్ళ తర్వాత చేస్తుంది.

మూడోది వేడి. చాలా ఇంజన్లలో కింది బ్లాకు పోత ఇనుము, పైన హెడ్ అల్యూమినియం. వేడికి రెండూ ఒకేలా సాగవు. ఒక్కసారి బాగా వేడెక్కితే చాలు హెడ్ వంకర పోతుంది, గ్యాస్కెట్ పోతుంది. మనవాళ్ళు కూలెంట్‌కి డబ్బులెందుకని రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోస్తారు. ఆ నీళ్ళతో ఇంట్లో గీజర్ రాడ్‌కి పట్టే తెల్లటి చుప్పు మీరు చూసే ఉంటారు. రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ అదే పడుతుంది.

నాలుగోది టైమింగ్ బెల్ట్. ఇది అన్ని బండ్లకీ ఉండదు, కొన్నింట్లో చైన్ ఉంటుంది. పాత ఇన్నోవా 2.5 డీజిల్‌లో, డస్టర్ 1.5 డీజిల్‌లో బెల్టే. దానికి కంపెనీ చెప్పిన గడువు ఉంటుంది. గడువు దాటి తెగిందంటే పిస్టన్లు వెళ్ళి వాల్వుల్ని కొడతాయి, అప్పుడు రిపేరు వేలల్లో కాదు, లక్షల్లోకి పోవచ్చు. ఆ గడువు తెలియాలంటే మీటర్ నిజం చెప్పాలి. మీటర్ నిజం చెప్తుందా?

నాది చెప్పలేదు. మొదటి నెలలోనే బండిని కరీంనగర్‌లో కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. కౌంటర్‌లో అమ్మాయి నంబరు కొట్టగానే 2019లో 1,42,000 కిలోమీటర్ల దగ్గర సర్వీసు అయినట్టు కంప్యూటర్లో వచ్చింది. 2019లో లక్షా నలభై రెండు వేలున్న బండి 2023లో తొంభై ఎనిమిది వేలెలా అయింది? రివర్స్ గేర్‌లో నడిపారేమో మరి. ఆ ఒక్క ఫోన్ కాల్ కొనకముందు చేసుంటే సరిపోయేది. డీలర్ మోసం చేశాడు, నిజమే. కానీ మోసం పట్టుకోవడానికి అయిదు నిమిషాలు చాలు, ఆ అయిదు నిమిషాలు పెట్టనిది నేను.

ఇక్కడ మీలో కొందరు "పాత బండ్లు ఇనుము, కొత్తవి రేకు. మా పెదనాన్న క్వాలిస్ అయిదు లక్షల కిలోమీటర్లు నడిచింది" అంటారు. నడిచింది, నమ్ముతాను. 2000 నుంచి 2005 దాకా అమ్మిన క్వాలిస్ లోపల పాతకాలపు డీజిల్ ఇంజన్, మామూలు పంపు. కంప్యూటర్ లేదు, సెన్సార్లు లేవు. స్పానర్ సెట్టు, అనుభవం ఉంటే చెట్టు కింద బాగుచేయొచ్చు. ఆ పేరుని తీసుకొచ్చి 2012 కామన్ రైల్ బండికి అంటిస్తే ఎలా? తాత వందేళ్ళు బతికాడని మనవడికి షుగర్ టెస్ట్ చేయించం అన్నట్టుంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిళ్ళు ఇంకో మెట్టు పైన. పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, ఊళ్ళో రెండేసి కిలోమీటర్లు తిప్పితే అది పూడుకుపోతుంది. ఆ బండ్లు పదేళ్ళవి అయ్యేసరికి మన లెక్క ఇంకా తప్పుతుంది.

డబ్బు సంగతి అలా ఉంచండి. డబ్బే అయితే నేనింత రాసేవాణ్ణి కాదు.

కొన్న కొత్తలో వాటర్ పంపు కారుతోందని ఉస్తాద్ చెప్పాడు. ఒరిజినల్ 4,800, లోకల్ 1,600. ఆయన ఒరిజినలే వేద్దామన్నాడు. "ఇప్పటికే చాలా అయింది, లోకల్ వేసేయండి" అన్నది నేను. ఫోన్లో, హైదరాబాదులో కూర్చుని, రెండు వందల యాభై రూపాయల కాఫీ తాగుతూ. పదిహేను నెలలకి, 2024 మే నెలలో, నడి ఎండలో మా అవ్వని కరీంనగర్ ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడు బాపు. అవ్వకి షుగర్, నెలనెలా చూపించుకోవాలి. గంగాధర దగ్గర ఆ పంపు బేరింగ్ పోయి కూలెంట్ మొత్తం కారిపోయింది. ఇక్కడొక సంగతి తెలుసుకోండి. కూలెంట్ పూర్తిగా పోతే సెన్సార్ నీళ్ళలో కాక గాలిలో ఉంటుంది, ముల్లు పైకి లేవకపోవచ్చు. బాపు చూస్తూనే ఉన్నాడు, ముల్లు మామూలుగానే ఉంది. బానెట్ సందులోంచి పొగ వచ్చాక ఆపాడు. అప్పటికే హెడ్ వంకరపోయింది.

పొద్దున ఇన్సులిన్ వేసుకుని, టిఫిన్ సరిగ్గా తినని మనిషి చెట్టు కింద రెండు గంటలు కూర్చుంది. దారిన పోయే ఆటో అతనెవరో ఆపి, తన దగ్గరున్న బిస్కట్ ప్యాకెట్ ఇచ్చి, ఆసుపత్రి దాకా దించాడు. డబ్బులు తీసుకోలేదు. నేను మిగిల్చిన మూడు వేల రెండు వందల ఖరీదు అది. దాని మీద నలభై ఒక్క వేల బిల్లు వేరే.

రెండోది ఆల్టర్నేటర్ సంగతి. చాలా డీజిల్ బండ్లలో బ్రేకుని తేలిక చేసే వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. అది పోతే బ్రేకు పూర్తిగా పోదు, రాయిలా గట్టిపడుతుంది, బలమంతా పెట్టి తొక్కాలి. మా బండికి అది కొండగట్టు మీంచి దిగేటప్పుడు జరిగింది. మా వైపు వాళ్ళెవరికీ ఆ ఘాట్ అంటే 2018 సెప్టెంబర్ 11 గుర్తు రాకుండా ఉండదు. సీట్లకి మించి జనంతో దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. బాపు పాత డ్రైవర్ కాబట్టి రెండో గేర్‌లోనే దిగుతున్నాడు, మొదటి గేర్‌కి తెచ్చి ఇంజన్ మీదే ఆపుకుంటూ కిందికి తెచ్చాడు. ఆ రోజు స్టీరింగ్ దగ్గర నేనుంటే? డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దింపే మా తమ్ముడుంటే? ఈ సంగతి బాపు నాకు చెప్పలేదు. నెల తర్వాత ఉస్తాద్ బిల్లు పంపితే అడిగాను, అప్పుడు తెలిసింది.

అవ్వ మాత్రం గంగాధర తర్వాత మళ్ళీ ఆ బండిలో కరీంనగర్ పోలేదు. "నేను బస్సుల వోత బిడ్డా, పైసలు గూడ ఉండయి" అంటుంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం కదా. ఏడు లక్షలు పెట్టి నేను కొన్న సుఖం కన్నా జీరో టికెట్టే నమ్మకం అనిపించింది ఆమెకి.

ఇప్పుడు మెకానిక్కుల గురించి. సస్పెన్షన్, క్లచ్ కలిపి సర్వీస్ సెంటర్‌వాళ్ళు లక్షా పన్నెండు వేలు ఎస్టిమేట్ ఇచ్చారు. ఉస్తాద్ ఒరిజినల్ సామానుతో అరవై ఒకటిన్నర వేలకి చేశాడు. అంటే సర్వీస్ సెంటర్ దోపిడీ అంటున్నానా? కాదు. వాళ్ళు బుష్ పోతే ఆర్మ్ మొత్తం మారుస్తారు, వారంటీ ఇవ్వాలి కాబట్టి. ఉస్తాద్ ఏది పోయిందో అది మారుస్తాడు, కొలత చూసి లేత్ దగ్గరికి పంపిస్తాడు, దొరకనిది హైదరాబాదు పుత్లీబౌలి నుంచి తెప్పిస్తాడు. రెండూ పద్ధతులే. నాకు కోపం వచ్చేది మన మాట తీరు మీద. క్లయింటుకి గంట లెక్కన డాలర్లలో బిల్లు వేసి, మూడు రోజుల పనికి రెండు వారాల ఎస్టిమేట్ ఇచ్చే మనం, గేర్‌బాక్సు దించి ఎక్కించినందుకు మూడు వేల లేబర్ అడిగితే "అంతెందుకు?" అంటాం. చవకది వేయమని మనమే చెప్పి, అది పోయాక డూప్లికేట్ వేశాడని ఊరంతా చాటుతాం. ఎన్నిసార్లు చూడలేదు!

మా మేనమామ సిరిసిల్లలో ఆసామి. పాత సాంచలు నడిపిస్తాడు. (తెలియనివాళ్ళకి: సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు, దాన్ని బాగుచేసేవాణ్ణి జాపర్ అంటారు.) నా ఎక్సెల్ షీట్ చూపిస్తే నవ్వాడు. "సాంచ పాతదైతే జాపర్‌ను ఇంటి మనిషి లెక్క చూస్కోవాలె. నెలనెల కొన్ని పైసలు తీసి పక్కకు వెట్టాలె. చెడిపోయినంక ఎతుక్కుంటే దొరుకుతయా?" అన్నాడు. ఆయన చదివింది తొమ్మిదో తరగతి. మనం ఆఫీసులో దీన్నే టెక్నికల్ డెట్ అంటాం, దాని మీద ప్రెజెంటేషన్లు ఇస్తాం. పాత ఓనర్ చేయించకుండా వదిలేసిన ప్రతి ఆయిల్ ఛేంజి, ప్రతి బుష్, ప్రతి ఫిల్టర్ ఆ బండిలో అప్పుగా ఉంటుంది. బండితో పాటు ఆ అప్పూ కొంటున్నాం. డీలర్ తగ్గించాననే ధర నిజానికి ఆ అప్పు చిట్టా. డాక్యుమెంటేషన్ లేని పదేళ్ళ కోడ్‌ని "అంతా బాగుంది" అని చేతులు మార్చుకోమంటే ఒప్పుకుంటామా?

ప్రభుత్వం చూసుకోవాలి అనేవాళ్ళకి ఒక మాట. ప్రైవేటు బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు, ఆ తర్వాత రెన్యువల్ అప్పుడే ఫిట్‌నెస్ చూస్తారు. మధ్యలో అడిగేది పొల్యూషన్ కాయితం ఒక్కటే. 2022 డిసెంబరులో నిబంధనలు సవరించి, 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లకి అధీకృత నమోదు పెట్టారు, బండి ఎవరి చేతిలో ఉందో ఆన్‌లైన్లో తెలపమన్నారు. మంచిదే. కానీ అది ఆర్‌సీ గొడవలకి మందు, పిస్టన్ రింగులకి కాదు. ప్రతి సర్వీసుకీ, ప్రతి ఇన్సూరెన్సు రెన్యువల్‌కీ మీటర్ రీడింగ్ ఒకచోట ఎక్కిస్తే మీటర్లు వెనక్కి తిప్పేవాళ్ళ పని ముగుస్తుంది. ఇదేమైనా రాకెట్ సైన్సా? ఒక టేబుల్, నాలుగు కాలమ్‌లు. దేశంలో ఇంతమంది సాఫ్టువేర్ వాళ్ళం ఉన్నాం.

ఢిల్లీ బండి చవక అని ఆశపడేవాళ్ళు కూడా ఆగండి. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ ప్రాంతంలో తిరగకూడదని 2015లో ఎన్జీటీ, 2018లో సుప్రీంకోర్టు అన్నాక అక్కడి బండ్లు అగ్గువకి బయటి రాష్ట్రాలకి వచ్చాయి. (2025లో కోర్టు కొంత సడలించింది, అది వేరే కథ.) ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ టాక్సు, కొత్త నంబరు కలిపితే తేడాలో పెద్ద ముక్క అక్కడే పోతుంది. ఆ బండిని ఎరిగిన మెకానిక్ మాత్రం పదిహేను వందల కిలోమీటర్ల అవతల ఉంటాడు.

అయితే పాత ఎస్‌యూవీ కొనొద్దా అంటే, కొనండి. ఇంట్లో ఏడుగురుంటే, పొలం దారుల్లో తిరగాల్సి ఉంటే కొనండి. కానీ ఇలా కొనండి:

1. నంబరుతో కంపెనీ సర్వీసు హిస్టరీ తీయించండి. ఇవ్వననే డీలర్ దగ్గర కొనొద్దు.
2. మీకు నచ్చిన మెకానిక్‌కి రెండు మూడు వేలు ఇచ్చి బండి చూపించండి. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి చూడాలి. ముందే వేడి చేసి పెట్టారంటే ఏదో దాస్తున్నారు.
3. స్కానర్ పెట్టించండి. అప్పుడే చెరిపేసిన కోడ్లున్నాయేమో అడగండి.
4. కనీసం ముప్ఫై కిలోమీటర్లు నడపండి, ఏసీ వేసి, ఎత్తు ఎక్కించి.
5. ధరలో మూడో వంతు నుంచి సగం దాకా విడిగా బ్యాంకులో ఉంచండి. ఆ డబ్బు లేదంటే ఆ బండి కొనే స్తోమత మీకు లేదని అర్థం. అయిదు లక్షల బండికి మీ బడ్జెట్ ఏడున్నర.
6. బ్రేకు, స్టీరింగ్, కూలింగ్, టైర్లు – ఈ నాలుగింట్లో చవకది వేయించొద్దు. సీటు కవర్లు ఎంత చవకవైనా పర్లేదు.

ఏడున్నర లేదా, అయితే ఆ డబ్బులో కొత్త చిన్న కారు వస్తుంది, వారంటీతో. 2025 సెప్టెంబర్‌లో చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది కూడా. నేను పెట్టింది మొత్తం 7,06,000. మా అవ్వకి కావలసింది నెలకోసారి కరీంనగర్ వెళ్ళి రావడం. దానికి రెండు టన్నుల ఇనుము ఎందుకు చెప్పండి? ఆ ప్రశ్న నేను కొనకముందు వేసుకోలేదు, ఎందుకంటే దసరాకి ఇంటి ముందర చిన్న కారు ఆగితే ఎవరూ చూడరు.

మా బండి ఇప్పుడు బాగుంది. అప్పు తీరిపోయింది కదా! ఈ మధ్య అడిగితే డీలర్లు మూడుం పావు ఇస్తామన్నారు. అమ్మలేదు. ఇంత పెట్టాక అమ్మితే, నేను తీర్చిన అప్పుకి లాభం ఇంకెవడికో పోతుంది. బాపు మాత్రం పొద్దున్నే దాన్ని తుడుస్తాడు, కూలెంట్ చూస్తాడు, అప్పుడే తాళం తిప్పుతాడు.

మా టీము కుర్రాడు ఇంకా ఏమీ కొనలేదు. సర్వీసు హిస్టరీ కావాలని అడిగిన దగ్గర్నుంచీ ఆ డీలర్ ఫోన్ ఎత్తడం లేదట.